లెక్కలు రాని బడి

నా నోరు మంచిది కాదు. ఈ మాట మొదట మా అమ్మ అంది, పెళ్లయిన మూడో రోజున షరీఫా అంది, చివరికి నేనే ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి నాకు ఒక ఉద్యోగం ఖర్చయింది.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు సంగతి ఇది. ఆలేరు స్టేషన్‌లో దిగి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం చేస్తే వచ్చే ఊళ్లో నేను సర్కారు బడి సారును. పెంకుల అర్ర ఒకటి, ముందు వసారా, ఇరవై ఇద్దరు పిల్లలు. అంతవరకు చదువంతా ఉర్దూలో ఉండేది. ఇక మీదట పిల్లలకు తెలుగులోనే చెప్పాలని ఉత్తర్వు వచ్చింది. న్యాయమైన ఉత్తర్వే. అన్నేళ్లుగా ఆ పిల్లలు ఉర్దూ ఎక్కాలను చిలకల్లా వల్లిస్తున్నారు గానీ అందులో ఒక్క ముక్క అర్థమైన వాడు లేడు. చిక్కల్లా నాతోనే వచ్చింది. నేను పుట్టింది తెలుగు మధ్య, పోట్లాడింది తెలుగులో, కానీ తెలుగు అక్షరం మాత్రం నాకు రాదు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, గడ్డం పెంచుకుని, పలక ముందు పెట్టుకుని ‘అ ఆ’లు దిద్దుతుంటే షరీఫా పొయ్యి దగ్గర కూర్చుని పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేది.

“జర మెల్లగ రాయి మక్సూద్ సాబ్, పలక పలుగుతది,” అనేది.

ఆర్నెల్లలో ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తాడు. అప్పటికి పిల్లలకు తెలుగులో చదువు, లెక్కలు రాకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. ఆ కాగితం కూడా ఉత్తర్వుతో పాటే వచ్చింది.

కొత్త లెక్కల పుస్తకం ఒకటి పంపారు. సర్కారు జిల్లాల వైపు అచ్చయింది. మొదటి లెక్కలోనే ఒక పడవ, దాని నిండా కొబ్బరికాయలు, కాలువ మీద లాకులు. నేను కూడబలుక్కుని ఒక్కొక్క అక్షరం చదివి ముగించేసరికి పిల్లలు మంచినీళ్లు తాగి, ఒకసారి కొట్టుకుని, మళ్లీ రాజీపడి వచ్చి కూర్చున్నారు.

“సారూ, పడవ అంటే ఏంది?” అని అడిగింది జానమ్మ.

నేను మాత్రం ఎక్కడ చూశాను! మా వైపు చెరువు నిండటమే పండగ. కోపం వచ్చి పుస్తకాన్ని చూరులో దోపి, “లేవుండ్రి అందరు,” అన్నాను.

ఆ రోజు గోవిందమ్మ మోటబావి దగ్గర బడి పెట్టాను. ఎన్ని మోటలు పోస్తే ఒక మడి తడుస్తుంది, అట్లాంటివి పన్నెండు మళ్లు తడవాలంటే ఎన్ని మోటలు కావాలి? పిల్లలు గట్టు మీద కూర్చుని లెక్కపెట్టారు. ఒక మడి నాలుగు మోటలు ఎక్కువ తాగిందని, ఎక్కడో కట్ట తెగి నీళ్లు పక్క మడిలోకి పోతున్నాయని వాళ్లే కనిపెట్టి గోవిందమ్మకు చెప్పారు. ఆమె సంతోషపడి అందరికీ తలా ఒక జామకాయ ఇచ్చింది. మర్నాడు బండ్లు చేసే వడ్ల రాములు కొట్టం. బండి చక్రం చుట్టూ దారం చుట్టించి, అదే దారాన్ని చక్రానికి అడ్డంగా పరిపించాను. మూడింతలు వచ్చి కొంచెం మిగిలింది. చిన్న చక్రానికీ అంతే, కుండ మూతికీ అంతే. ఆ మిగిలిన కొంచెం ఎక్కడి నుంచి వస్తోందో తేల్చాలని ఊళ్లో గుండ్రంగా ఉన్న ప్రతి వస్తువుకూ దారం చుట్టారు. గాజులు, గంజులు, ఒక ముసలాయన బట్టతల కూడా. ఆయన తిట్టిన తిట్లు నేను ఇక్కడ రాయను.

నా బడిలో చట్టం ఒక్కటే. తెలియకపోతే తెలియదని చెప్పు, కొట్టను. లెక్కపెట్టకుండా నోటికొచ్చిన అంకె చెప్పావో, తోలు తీస్తాను.

ఈ చట్టం జానమ్మకు అవసరమే లేదు. తొమ్మిదేళ్ల పిల్ల, నూనె ఎరుగని ఎర్ర జుట్టు. కనిపించినదల్లా లెక్కపెట్టేది. నేను పాఠం చెబుతూ ఎన్నిసార్లు గడ్డం గోక్కున్నానో ఒకనాడు అందరి ముందు చెప్పింది. నలభై ఒకటి. ఆమెకు పోటీ కుమ్మరి వాళ్ల భీమయ్య. తప్పు జవాబు వాడికి పడదు. ఒకసారి కూడికలో ఒకటి తేడా వచ్చిందని వాడు రెండు పూటలు అన్నం తినకపోతే వాళ్ల అవ్వ వచ్చి నాతో కొట్లాడింది.

దసరా ముందు బడి గోడకు సున్నం వేశారు. అంత తెల్లటి గోడ ఖాళీగా ఉంటే నాకు చేతులు ఊరుకోలేదు. ఊరి పటం గీద్దాం అనుకున్నాను. “మీ ఇంట్ల ఎవరో ఒకరు రోజు యాడికో పోతరు గద. ఇంటికాడి నుంచి గాడికి ఎన్ని అడుగులో లెక్కపెట్టుకొని రాండ్రి,” అన్నాను. నాలుగు రోజులు ఊళ్లో పిల్లలెవరూ పలకరిస్తే పలకలేదు, లెక్క తప్పుతుందని. ఒకడు కళ్లు నేల మీదే పెట్టి నడుస్తూ పోయి తుమ్మకంపలో పడ్డాడు, అయినా లేచి మూడు వందల ఎనిమిది నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.

ఆ తరువాత బొగ్గుతో గోడ మీద గీశారు. ఇళ్లు, బావులు, ఈతవనం, గడీ, చెలకలు, ఒక్కొక్క తొవ్వ కింద అడుగుల లెక్క. అల్లా మీద ఒట్టు, అంత అందమైన గోడ నేను హైదరాబాదులో కూడా చూడలేదు. రైతులు పనులు మానుకుని వచ్చి తమ ఇల్లు వెతుక్కునేవాళ్లు. పక్కింటి వాడి ఇల్లు పెద్దగా వేశారని ఇద్దరు తగువు కూడా పెట్టుకున్నారు.

జానమ్మ తన ఇంటి నుంచి ఊరికి పడమట ఉన్న బండరాళ్ల గుండ్ల దాకా గీత గీసింది. గీత చివర ఒక సద్దిగిన్నె బొమ్మ వేసి, కింద ఆరు వందల పన్నెండు అని రాసింది. గిన్నె మూతి చక్కగా గుండ్రంగా వచ్చింది. “శబాష్,” అని నేను పక్క గీతకు పోయాను. చెలకకు పోని, బావికి పోని సద్ది బండల్లోకి ఎందుకు పోతుందని ఆలోచించాల్సిన వాణ్ణి. ఆలోచించలేదు. నా గోడ నాకు అంత ముద్దొచ్చింది మరి.

ఆ రోజుల్లో దొర ఖాళీ చేసి పోయిన గడీలో పోలీసు క్యాంపు ఉండేది. దొరల మీద తిరగబడిన సంఘం మనుషుల కోసం గుట్టలు గాలించేవాళ్లు. జానమ్మ తండ్రి ఐలేశం సంఘంలో ముందు నడిచిన మనిషి. దొరికితే అతన్ని జైలు దాకా కూడా తీసుకుపోరని అందరికీ తెలుసు. అప్పటికే పక్క ఊళ్లో ఇద్దరిని తొవ్వలోనే కాల్చేశారు. “మా ఆయన షోలాపురం మిల్లుల పనికి పోయిండు,” అని అతని భార్య బిక్షమ్మ అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ చెప్పుకునేది. ఊరంతా నమ్మింది. అంటే, నమ్మినట్టు తల ఊపింది. నేనూ ఊపాను.

ఒకనాడు పొద్దున క్యాంపు జమేదారు ఇద్దరు జవాన్లతో బడికి వచ్చాడు. సర్కారు జిల్లాల మనిషి, పొడుగరి, మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు.

“మంచినీళ్లు ఇప్పిస్తారా మాస్టారూ?” అని అడిగి, నీళ్లు తాగుతూ గోడ చూశాడు. “అబ్బో! ఇదంతా ఎవరు గీశారండీ?”

ఆ ‘అబ్బో’ వినగానే నా బుద్ధి గడ్డి తినడానికి పోయింది. ఆ రోజుల్లో నా పేరున్నవాడు పోలీసు ముందు నాలుగు మాటలు తగ్గించి మాట్లాడటం ఆరోగ్యానికి మంచిది. నేను నలభై ఎక్కువ మాట్లాడాను. “మా పిల్లలే జమేదారు సాబ్! ఒక్కొక్క అంకె కాళ్లతోని నడిచి తెచ్చింది. ఇందుల ఒక్క అబద్ధం లేదు. ఈ పటం పట్టుకొని కండ్లు మూసుకొని నడిచినా ఇల్లు తప్పరు,” అన్నాను.

“మా దగ్గరున్న పటంలో ఈ ఊరే లేదండీ,” అంటూ అతను నోటుబుక్కు తీశాడు. చేతికర్రతో ఒక్కొక్క గీత వెంబడే పోతూ రాసుకోసాగాడు. నేను పక్కనే నిలబడి ఇది ఫలానా వాళ్ల బావి అని చెబుతున్నాను కూడా. కర్ర సద్దిగిన్నె దగ్గర ఆగింది.

“ఇక్కడ చేను లేదు, బావీ లేదు. ఉత్త రాళ్లు,” అన్నాడు జమేదారు. “రాళ్లలో కూర్చుని అన్నం ఎవరు తింటారండీ మాస్టారూ?”

అప్పుడు దిగింది నాకు మత్తు. ఊరికి పడమట గుండ్లు ఒకటా రెండా, ఏనుగులంతవి, ఇళ్లంతవి వందల కొద్దీ ఉన్నాయి. ఆ వందల్లో ఏ గుండు కింద మనిషి ఉన్నాడో చెప్పేది ఆ ఆరు వందల పన్నెండు ఒక్కటే. ఆ అంకె తప్పు కాదని నిమిషం కిందటే నా నోటితో నేనే పూచీపడ్డాను.

“ఇది గీసిందెవరు?” అని జమేదారు పిల్లల వైపు తిరిగాడు.

జానమ్మ లేచి నిలబడింది. నా వైపు ఒక్కసారి చూసింది.  తను గీసింది ఏమిటో అప్పుడే తెలిసింది ఆమెకు కూడా.

“నేనే. ఊకెనే గీసిన,” అంది.

“ఆరు వందల పన్నెండు. బాగానే లెక్కపెట్టావే! ఏదీ, ఒకటి నుంచి చెప్పు చూద్దాం.”

జానమ్మ చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. ఇరవై తొమ్మిది దాకా ఎక్కడా తడబడలేదు. ఆ తరువాత ఊపిరి తీసుకుని, “ఇరవై పది, ఇరవై పదకొండు, ఇరవై పన్నెండు, యాభై,” అని ఆగింది. “ఇంక రాదు సారూ.”

 భీమయ్య దిగ్గున లేచాడు. “అబద్ధం సారూ! గామెకు వెయ్యి దాక వస్తది!”

జమేదారు నెమ్మదిగా నా వైపు తిరిగాడు. “ఏమండీ మాస్టారూ? వస్తాయా ఈ పిల్లకి లెక్కలు?”

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు మొదట గుర్తొచ్చింది ఐలేశం కాదు. నేను గుర్తొచ్చాను. చూరులో పుస్తకం దోపి, ఎండలో పిల్లల వెంట తిరిగి, పలక మీద అక్షరాలు దిద్ది సంపాదించుకున్న పేరు గుర్తొచ్చింది. సిగ్గుగానే ఉంది, కానీ అదే నిజం. ఆ తరువాత ఐలేశం గుర్తొచ్చాడు.

“రావు,” అన్నాను. “ఈ పిల్లకే కాదు సాబ్, ఎవ్వరికి రావు. పటం నేనే గీసిన. తనిఖీకి వస్తరని నోటికొచ్చిన అంకెలు ఏసిన. నాకే తెలుగు సక్కగ రాదు, పిల్లలకేం చెప్త? నౌకరీ పోతదని భయంతోని చేసిన.”

జమేదారు అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. కర్ర భీమయ్య వైపు చూపించాడు. “నువ్వు చెప్పరా. రెండూ రెండూ ఎంత?”

భీమయ్య నన్ను చూశాడు. జానమ్మను చూశాడు. గోడ మీద గిన్నెను చూశాడు. వాడి ముఖం ఎర్రబడింది, పై పెదవి మీద చెమట పట్టింది. కడుపులో నొప్పి వచ్చినవాడిలా వంగి, “ఐదు,” అన్నాడు.

అంతే, కట్ట తెగింది. “పదిలోంచి మూడు తీసేస్తే?” అని అడిగితే ఒకడు, “మా అమ్మనడగాలె,” అన్నాడు. “వారానికి ఎన్ని రోజులు?” అంటే ఒక పిల్ల చాలాసేపు ఆలోచించి, “అంగడి ఉన్న వారమా, లేని వారమా?” అని ఎదురు అడిగింది. చివరి వరసలో చిన్నవాడు తన చేతి వేళ్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని పదకొండు ఉన్నాయని తేల్చాడు. ఇరవై ఇద్దరిలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, సరైన జవాబు చెప్పలేదు. నేను కనుసైగ కూడా చేయలేదు. ఎవరు ఎక్కడ దాక్కున్నారో ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది పిల్లలకేనని నాకు ఆ రోజు తెలిసింది.

జమేదారు నోటుబుక్కు మూశాడు. “జీతం తీసుకోవడం లేదూ మీరు?” అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే అసహ్యం ఎక్కువ ఉంది. “ఈ పిచ్చి గీతలు సాయంత్రంలోగా చెరిపించండి. మీ సంగతి మీ పైవాళ్లకి రాస్తాను.”

జవాన్లను మాత్రం గుండ్ల మీదికి పంపాడు. పొద్దు వాలే దాకా ఒక్కొక్క బండ చుట్టూ తిరిగి, అరికాళ్ల నిండా పల్లేరుకాయలు, ఒక వాచిన చీలమండ పట్టుకొచ్చారు.

గోడకు నేనే సున్నం పూశాను. జానమ్మ బొక్కెన అందించింది. ఎంతో చెప్పాలని ఉంది, కానీ వసారాలో మనుషులున్నారు. చివరికి, “ఇరవై తొమ్మిది తర్వాత ముప్పై బిడ్డా,” అన్నాను.

“గదైతే నాకు తెల్వదా!” అని కసిరి, మూతి తిప్పుకుని పోయింది.

ఇంటికి పోయి షరీఫాకు జరిగిందంతా చెప్పాను. ఎత్తిపొడుస్తుందని చూశాను.  జొన్నరొట్టె మీద వెన్న వేసి ముందు పెట్టి, “తిను,” అంది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

నెలకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. జేబులో జమేదారు ఉత్తరం, తొవ్వ చూపించడానికి వెంట క్యాంపు జవాను. జవాను తుపాకి ఆనించుకుని గడపలో నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు పెద్దమనిషి, తెల్ల మీసాలు. నా వైపు జాలిగా చూసి, “చిన్న చిన్న ప్రశ్నలే అడుగుతాను మక్సూద్ సాబ్, కంగారు పడొద్దు,” అన్నాడు. నన్ను కాపాడదామనే వచ్చాడాయన.

భీమయ్యను పన్నెండు పన్నెండ్లు ఎంత అని అడిగాడు. నిద్రలో లేపినా చెబుతాడు వాడు. వాడు నోరు తెరిచి, మూసి, నా ముఖం చూశాడు. ఇరవై ఇద్దరూ నన్నే చూస్తున్నారు. తల ఊపితే చాలు, ఆ బడి గడగడా ఎక్కాలు చెప్పి ఇన్‌స్పెక్టరు నోరు తెరిపిస్తుంది, నా ఉద్యోగం నాకుంటుంది. కానీ ఈ పొద్దు వాళ్లకు లెక్కలు వస్తే ఆ పొద్దు కూడా వచ్చినట్టే. జమేదారు నోటుబుక్కులో ఆరు వందల పన్నెండు ఇంకా ఉంది. బిక్షమ్మ పొయ్యి మీద ఇద్దరికి మించిన అన్నమే ఉడుకుతోందని ఊరందరికీ తెలుసు. గుండ్ల వైపు నేను కన్నెత్తి చూడలేదు, ఎవరినీ అడగలేదు.

నేను తల దించుకుని నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

“తెల్వది,” అన్నాడు భీమయ్య.

ఆ తరువాత ఒక్కొక్కరు. తెల్వది. రాదు. మర్చిపోయిన. గంటకు మూడు మైళ్లు నడిచేవాడు ఏడు గంటల్లో ఎంత దూరం పోతాడని జానమ్మను అడిగితే, “ఎండ ఎట్లుందో!” అని గడప వైపు చూసింది. జవాను కిసుక్కున నవ్వాడు.

ఇన్‌స్పెక్టరు టోపీ పెట్టుకుని లేచాడు. “ముప్ఫై ఏళ్ల నౌకరీలో ఇంత అన్యాయమైన బడి నేను చూడలేదు,” అన్నాడు. బాధపడే అన్నాడు. నేను “జీ” అన్నాను.

పది రోజుల్లో బర్తరఫ్ కాగితం వచ్చింది. ఆ తరువాత నేను నార్కట్‌పల్లి చౌరస్తాలో మోటారు కంపెనీ టికెట్లు చింపి బతికాను. షోలాపురం నుంచి బిక్షమ్మకు ఐలేశం రాసిన కార్డు వచ్చిందని అక్కడే, రెండేళ్లకు, ఒక బస్సు దిగిన గోవిందమ్మ చెప్పింది. కానీ ఊరు విడిచిన రోజున అదేదీ నాకు తెలియదు.

ఆ రోజు బండి కట్టించి, ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, షరీఫా కోళ్లు ఎక్కించాం. వీడ్కోలు చెప్పడానికి ఎవరూ రాలేదు. క్యాంపు వాళ్ల కళ్ల ముందు నాలాంటి దండగమారి సారుకు ఎవరు వస్తారు అని సర్ది చెప్పుకున్నాను గానీ లోపల కలుక్కుమంటూనే ఉంది.

ఊరు దాటి, గడీ కనుమరుగైన మలుపులో చూస్తే పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. ఇరవై ఇద్దరూ. బండి ఆపించాను. భీమయ్య చక్రం ఆకు మీద కాలు పెట్టి పైకి ఎక్కి, నా చెవి పట్టుకుని కిందికి లాగి, “నూట నలభై నాలుగు,” అని గుసగుసగా చెప్పాడు. దిగిపోయాడు. వెనకాల పిల్ల ఎక్కింది. “యాభై ఆరు.” ఆ వెనకాల వాడు. “పద్దెనిమిది, రెండు మిగుల్తయి.” ఇన్‌స్పెక్టరు ఎవరిని ఏది అడిగాడో అదే, ఎవరి జవాబు వాళ్లు, ఒక్కొక్కరు నా చెవిలో చెప్పి దిగుతున్నారు. ఎవరి ప్రశ్న ఏదో నేను మర్చిపోయాను, వాళ్లు మర్చిపోలేదు. రైలు తప్పిపోతుందని బండివాడు సణిగాడు. షరీఫా వాణ్ణి ఒక్క చూపు చూసింది.

అందరికంటే చివర జానమ్మ ఎక్కింది. “ఇరవై ఒక్క మైళ్లు,” అంది. దిగకుండా అక్కడే వేలాడుతూ, “తప్పులున్నయా సారూ?” అని అడిగింది.

 తల అడ్డంగా ఊపి, ఆమె చెవి దగ్గరికి వంగి, “అందరు పాసు,” అన్నాను.

ఆమె దూకి పోయి భీమయ్య చెవిలో చెప్పింది. వాడు పక్కవాడి చెవిలో చెప్పాడు. చివరి చిన్నవాడి దాకా ఆ మాట చేరేవరకు బండివాణ్ణి ఎడ్లను అదిలించనివ్వలేదు నేను.